చిత్రాన్ని కొలిచే విద్య : ఇమేజ్-జె పరిచయం

తెలుగులో 'చిత్రం' అనే మాటకు రెండు అర్థాలున్నవి. గీసిన బొమ్మ ఒకటి, ఆశ్చర్యం కలిగించేది మరొకటి. మన ఉర్దూ విభాగపు మిత్రులు వాడే 'తస్వీర్' అనే మాటకు ఈ రెండవ అర్థం లేదు. ఈ వ్యాసంలో ప్రస్తావించబోయే చిత్రాలకు తస్వీర్ అనే పేరే ఎక్కువగా తగును. ఎందుకంటే ఇవి చూచి ఆనందించడానికో ఆశ్చర్యపడడానికో తీసినవి కావు. సూక్ష్మదర్శిని కింద పరచిన రక్తకణాలు, తెగులు సోకిన ఆకు, జెల్ మీద నల్లని చారలుగా తేలిన ప్రోటీనులు, దూరదర్శినికి చిక్కిన ఒక మసక నక్షత్రం - వీటిని శాస్త్రజ్ఞుడు కొలవడానికి తీస్తాడు. ఎన్ని ఉన్నవి, ఎంత వైశాల్యం, ఎంత పొడవు, ఎంత వెలుగు అనేవే అతని ప్రశ్నలు. ఆ ప్రశ్నలకు చిత్రం నుండి సమాధానం రాబట్టే సాధనాలలో ప్రపంచమంతటా విశేష ప్రచారం పొందినది 'ఇమేజ్-జె' అనే ఉచిత సాఫ్ట్‌వేర్. దానిని మన కళాశాల విద్యార్థులకు పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

భాష బోధించేవారికి ఈ విషయంతో ఏమి పని అని కొందరు సందేహించవచ్చు. ఆ సందేహానికి వ్యాసం నడుమ సమాధానం దొరుకుతుందని నా నమ్మకం. ముందుగా చిత్రమంటే యంత్రానికి ఏమిటో తెలుసుకుందాం.

పోచంపల్లి చీర నేసేవారి పనితనం చూచినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. నేతకు పూనుకొనే ముందు వారు గళ్ళ కాగితం మీద నమూనా వేసుకుంటారు. ఏ గడిలో ఏ రంగు రావాలో ముందే నిర్ణయించి, దానికి తగినట్లు నూలుకు కట్లు కట్టి అద్దకం వేస్తారు. నేత పూర్తయిన తరువాత మన కంటికి పువ్వు కనిపిస్తుంది, ఏనుగు కనిపిస్తుంది. నేతగానికి మాత్రం అవి గళ్ళు, గళ్ళలో రంగులు. కంప్యూటర్ చూపు సరిగ్గా ఈ నేతగాని చూపే. అడ్డంగా 1000, నిలువుగా 1000 గళ్ళున్న ఒక ఛాయాచిత్రం దానికి పది లక్షల అంకెల పట్టిక మాత్రమే. ఒక్కొక్క గడిని పిక్సెల్ అంటారు. నలుపు తెలుపుల సాధారణ చిత్రంలో ప్రతి పిక్సెల్‌కు 0 నుండి 255 వరకు ఏదో ఒక విలువ ఉంటుంది. 0 అంటే కటిక నలుపు, 255 అంటే పూర్తి తెలుపు, నడుమ ఉన్నవన్నీ బూడిద ఛాయలు. దీనిని 8-బిట్ చిత్రమంటారు. పరిశోధనశాలల్లోని మంచి కెమెరాలు 16-బిట్ చిత్రాలు తీస్తాయి. వాటిలో ఈ మెట్లు 0 నుండి 65,535 వరకు ఉంటాయి. మనిషి కన్ను ఇన్ని ఛాయలను వేరుపరచలేదు. కంటికి ఒకే నలుపుగా తోచేచోట యంత్రానికి వేయి భేదాలు ఉండవచ్చు. చిత్రాన్ని చూడడం వేరు, కొలవడం వేరు అనడానికి మొదటి కారణం ఇదే.

ఇక చరిత్ర. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రంలోని బెథెస్డా పట్టణంలో ఆ దేశపు జాతీయ ఆరోగ్య సంస్థల కార్యస్థానం ఉన్నది. అక్కడ పనిచేసిన వేన్ రాస్‌బాండ్ అనే ప్రోగ్రామర్ తొలుత పీడీపీ-11 అనే మినీ కంప్యూటర్ మీద 'ఇమేజ్' అనే ప్రోగ్రాము రాశారు. ఆ యంత్రం సామాన్యులకు అందేది కాదు. తరువాత 1987లో ఆయన బల్ల మీద పెట్టుకొనే మెకింటోష్ కంప్యూటర్ కోసం, పాస్కల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, 'ఎన్.ఐ.హెచ్. ఇమేజ్' రూపొందించారు. జీవశాస్త్ర పరిశోధకులు దానిని ఆదరించారు. అయితే మెకింటోష్ లేనివారికి అది అందని ద్రాక్షే అయింది. విండోస్ యంత్రాలున్నవారు, యూనిక్స్ యంత్రాలున్నవారు తమకూ అటువంటిది కావాలని కోరసాగారు.

1995లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ జావా అనే కొత్త ప్రోగ్రామింగ్ భాషను వెలువరించింది. ఆ భాష ప్రత్యేకత ఇక్కడ కొంత వివరించదగినది. మామూలుగా ఒక ప్రోగ్రామును ఒక రకం యంత్రం కోసం తయారుచేస్తే అది ఆ రకం యంత్రం మీదనే నడుస్తుంది. జావాలో రాసిన ప్రోగ్రాము నేరుగా యంత్రంతో మాట్లాడదు. దానికీ యంత్రానికీ మధ్య ఒక దుబాసీ ఉంటాడు. విండోస్‌కు ఒక దుబాసీ, మెకింటోష్‌కు ఒక దుబాసీ, లినక్స్‌కు మరొక దుబాసీ. ప్రోగ్రాము ఒకే మాట చెప్తుంది, ఏ దుబాసీ ఆ దర్బారు భాషలో దానిని వినిపిస్తాడు. రాస్‌బాండ్ తన పాత ప్రోగ్రామును ఈ భాషలో కొత్తగా నిర్మించి 1997లో విడుదల చేశారు. అదే ఇమేజ్-జె. పేరు చివర ఉన్న జె అనే అక్షరం జావాకు గుర్తు. ఏ యంత్రమున్నవారైనా ఒకే సాధనాన్ని, ఒకే విధంగా వాడుకొనే వీలు అప్పటి నుండి కలిగింది. 2010లో ఉద్యోగ విరమణ చేసిన తరువాత కూడా రాస్‌బాండ్ దీనిపై పని కొనసాగించారు.

దీనికి వెల లేదు. అమెరికా చట్టం ప్రకారం ఫెడరల్ ప్రభుత్వోద్యోగి తన విధినిర్వహణలో భాగంగా చేసిన రచనకు ఆ దేశంలో కాపీరైటు ఉండదు, అది ప్రజలందరి సొత్తు. ఇమేజ్-జె ఆ విధంగా బహిరంగమైనది. వెల లేకపోవడం ఒక లాభమే కాని, అంతకన్న గొప్ప లాభం మరొకటి ఉన్నది. దాని మూలరచనను, అనగా సోర్స్ కోడ్‌ను, ఎవరైనా తెరచి చదువవచ్చును. ఒక సంఖ్య ఎట్లా వచ్చిందో తెలియాలంటే ఆ సంఖ్యను వండిన వంటగదిలోకి వెళ్ళి చూడవచ్చును. డబ్బు పెట్టి కొనే అనేక సాఫ్ట్‌వేర్లలో ఆ తలుపు మూసి ఉంటుంది. ఉచితమైనది కనుక చవకబారుది అని తలచే అలవాటు మనలో బలంగా ఉన్నది. ఈ విషయంలో ఆ అలవాటు పూర్తిగా తప్పుదారి పట్టిస్తుంది.

మరొక సౌకర్యం 'ప్లగిన్' అనే పద్ధతి. తమకు కావలసిన కొత్త పనిముట్టును ఎవరికి వారు రాసుకొని ఇమేజ్-జెకు తగిలించుకోవచ్చును. అట్లా వేర్వేరు దేశాల పరిశోధకులు వందలాది పనిముట్లు రాశారు. వాటిని ఏరి, సమకూర్చి, ఒకే కట్టగా అందించే ప్రయత్నం 2007లో మొదలయింది. జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన పరిశోధకులు అందులో ముఖ్యపాత్ర వహించారు. ఆ కట్ట పేరు 'ఫిజీ'. ఫిజీ అనగానే మన ప్రాంతాల నుండి చెరకు తోటల కూలికి ఓడలెక్కి వెళ్ళినవారు జ్ఞాపకం రావడం సహజం. ఈ ఫిజీకి ఆ దీవులతో సంబంధం లేదు. 'ఫిజీ ఈజ్ జస్ట్ ఇమేజ్-జె', ఫిజీ అంటే ఇమేజ్-జె మాత్రమే, అనే వాక్యపు మొదటి అక్షరాల కూర్పు అది. ఇందులో లభించే 'బయో-ఫార్మాట్స్' అనే పనిముట్టు ఒక్కటే నూట యాభైకి పైగా చిత్రరూపాలను చదువగలదు. సూక్ష్మదర్శినులు తయారుచేసే ప్రతి సంస్థా తన చిత్రాలను తనకు తోచిన రూపంలో భద్రపరుస్తుంది. ఒకరి పెట్టెకు మరొకరి తాళంచెవి పట్టదు. ఆ తాళాలన్నీ తీసే చెవి ఇది.

ఇప్పుడు ఒక పని చేసి చూద్దాం. రక్తకణాలతోనో జెల్‌తోనో కాకుండా మన ఇంటిలోనే దొరికే బియ్యపు గింజలతో చేద్దాం. నల్లని బట్ట మీద ముప్పది నలుబది గింజలు ఒకదానికొకటి తగలకుండా చల్లి, పక్కనే మిల్లీమీటర్లు గుర్తించిన స్కేలు పెట్టి, సరిగ్గా పై నుండి ఫొటో తీయాలి. కెమెరా పక్కకు వాలితే ఒక అంచు గింజలు పెద్దవిగా, మరొక అంచువి చిన్నవిగా వస్తాయి. ఆ చిత్రాన్ని ఇమేజ్-జెలో తెరచి, స్కేలు మీద 10 మిల్లీమీటర్ల మేర ఒక గీత గీసి, 'సెట్ స్కేల్' అనే ఆదేశంతో ఈ గీత 10 మిల్లీమీటర్లు అని చెప్పాలి. ఆ గీత పొడవు 200 పిక్సెళ్ళు ఉన్నదనుకుంటే ఒక మిల్లీమీటరుకు 20 పిక్సెళ్ళు అని యంత్రానికి తెలుస్తుంది. తరువాత చిత్రాన్ని 8-బిట్ బూడిద ఛాయలోకి మార్చాలి.

అసలు ఘట్టం దీని తరువాత వస్తుంది. గింజ ఎక్కడ ముగిసింది, బట్ట ఎక్కడ మొదలయింది అనేది యంత్రానికి తెలియదు. తెల్లని గింజకు, నల్లని బట్టకు మధ్య అంచున మూడు నాలుగు పిక్సెళ్ళ మేర బూడిద రంగు ఉంటుంది. ఇన్ని విలువల పైన ఉన్నదంతా గింజ, కింద ఉన్నదంతా బట్ట అని మనం ఒక గీటు గీయాలి. ఆ గీటు విలువనే త్రెషోల్డ్ అంటారు. గీటు గీసిన తరువాత 'ఎనలైజ్ పార్టికల్స్' అనే ఆదేశం ఇస్తే క్షణంలో గింజల సంఖ్య, ఒక్కొక్క గింజ వైశాల్యం, పొడవు, వెడల్పు పట్టికగా వస్తాయి. ఇందులో ఫెరెట్ వ్యాసం అనే కొలత పొడవుకు బాగా పనికివస్తుంది. గింజను కాలిపర్సు దవడల నడుమ పట్టి, అన్ని వైపులకూ తిప్పి చూచినప్పుడు వచ్చే అత్యధిక దూరమే అది. అత్యల్ప దూరం వెడల్పు అవుతుంది. ఆనుకొని ఉన్న గింజలను విడదీయడానికి 'వాటర్‌షెడ్' అనే పనిముట్టు ఉన్నది. చిత్రపు అంచున సగం తెగిన గింజలను లెక్కలోనికి తీసుకోవద్దని చెప్పే వీలు కూడా ఉన్నది.

ఇంతవరకు అంతా సులభంగానే కనిపిస్తుంది. చిక్కు ఆ గీటులో ఉన్నది. ఒక గింజ పొడవు 6.0 మిల్లీమీటర్లు, వెడల్పు 2.0 మిల్లీమీటర్లు అనుకుందాం. పొడవును వెడల్పుతో భాగిస్తే 3 వస్తుంది. మన దేశంలో బియ్యాన్ని వర్గీకరించే పద్ధతి ప్రకారం పొడవు 6 మిల్లీమీటర్లు గాని అంతకు మించి గాని ఉండి, ఈ నిష్పత్తి 3 గాని అంతకు మించి గాని ఉంటే అది పొడవు సన్నరకం. మన గింజ సరిగ్గా ఆ హద్దు మీద ఉన్నది. ఇప్పుడు గీటును కొంచెం కిందికి దింపితే అంచున ఉన్న బూడిద పిక్సెళ్ళు గింజలో కలుస్తాయి. ప్రతి పక్కా రెండేసి పిక్సెళ్ళు, అనగా 0.1 మిల్లీమీటరు చొప్పున పెరిగితే పొడవు 6.2, వెడల్పు 2.2, నిష్పత్తి 2.82 అవుతుంది. అదే గింజ పొడవు దొడ్డురకంలో పడిపోతుంది. గీటును అంతే మేర పైకి జరిపితే పొడవు 5.8, వెడల్పు 1.8, నిష్పత్తి 3.22. ఇప్పుడది పొట్టి సన్నరకం. గింజ మారలేదు, కెమెరా మారలేదు, ఫొటో మారలేదు. వేలితో మౌస్‌ను కొద్దిగా కదిపినందుకు ఒకే గింజ మూడు కులాలు మారింది!

ఇది పుస్తకాలలోని లెక్క మాత్రమే అని తేలికగా తీసుకోరాదు. తెలంగాణ ప్రభుత్వం 2024 వానాకాలం పంటకు సన్నవడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ప్రకటించింది. సన్నం ఏది, దొడ్డు ఏది అనే నిర్ణయం మీద రైతు చేతికి వచ్చే సొమ్ము ఆధారపడి ఉండేచోట, ఒక మిల్లీమీటరులో పదో వంతు కూడా చిన్న విషయం కాదు. వ్యాధి నిర్ణయంలోనైతే చెప్పనక్కరలేదు. కణితి నుండి తీసిన ముక్కలో ఎన్ని కణాలు రంగు పట్టినవి అనే ప్రశ్నకు వచ్చే సమాధానం కూడా ఇటువంటి గీటు మీదనే నిలిచి ఉంటుంది.

అయితే గీటును మనిషి ఇష్టానికి వదలకుండా యంత్రమే నిర్ణయించలేదా? నిర్ణయించగలదు. జపాను శాస్త్రజ్ఞుడు నొబుయుకి ఒట్సు 1979లో ప్రకటించిన పద్ధతి అందుకు ప్రసిద్ధమైనది. ఒక తరగతి విద్యార్థుల మార్కులను రెండు జట్లుగా విడదీయాలనుకోండి. ఏ మార్కు దగ్గర విడదీస్తే ఒక్కొక్క జట్టులోని వారి మార్కులు తమలో తాము అత్యంత సన్నిహితంగా ఉంటాయో ఆ చోటును వెదకడం ఒట్సు పద్ధతి. గింజలు ఒక జట్టు, బట్ట ఒక జట్టు. ఇమేజ్-జెలో ఇదొక్కటే కాదు, హువాంగ్, లీ, యెన్, షన్‌భాగ్ మొదలైన పేర్లతో పదిహేనుకు పైగా పద్ధతులు వరుసగా కనిపిస్తాయి. ఒకే చిత్రం మీద ఒక్కొక్కటి ఒక్కొక్క గీటు గీయవచ్చు. అందుచేత మనిషి నిర్ణయం తొలగిపోలేదు. ఏ గీటు అనే ప్రశ్న పోయి, ఏ పద్ధతి అనే ప్రశ్న వచ్చింది. అయినా ఇందులో మేలున్నది. నా కంటికి ఇట్లా తోచింది అనే మాటను మరొకరు పరీక్షించలేరు. ఒట్సు పద్ధతి వాడాను అనే మాటను ప్రపంచంలో ఎవరైనా పరీక్షించగలరు.

ఈ చోటనే భాషావేత్తకు ఒక పరిచితమైన దృశ్యం కనిపిస్తుంది. ఒక ప్రాచీన కావ్యాన్ని పరిష్కరించే పండితునికి నాలుగు తాళపత్ర ప్రతులు దొరికాయనుకుందాం. ఒక పద్యంలో ఒక పదం నాలుగింటిలో మూడు విధాలుగా ఉన్నది. పండితుడు ఒక పాఠాన్ని గ్రహిస్తాడు. గ్రహించి ఊరకుండడు, విడిచిన పాఠాంతరాలను పుట అడుగున అధస్సూచికలో చూపుతాడు. రేపు మరొక పండితుడు ఆయన నిర్ణయంతో ఏకీభవించకపోవచ్చు. కాని వాదించడానికి కావలసిన సామగ్రి అంతా ఆ పుటలోనే ఉంటుంది. అధస్సూచిక లేని పరిష్కరణ ఎంత అందంగా అచ్చయినా విద్వాంసుల నమ్మకం పొందదు.

ఇమేజ్-జెలో ఆ అధస్సూచిక పని చేసేది 'మాక్రో రికార్డర్'. దానిని తెరచి ఉంచితే మనం చేసే ప్రతి పనినీ, ఏ ఆదేశం ఇచ్చాము, ఏ విలువ పెట్టాము అనేది వరుసగా రాసుకొంటూ పోతుంది. చివరకు నాలుగైదు పంక్తుల చిన్న రచన తయారవుతుంది. దానిని మరొక నూరు చిత్రాల మీద నడపవచ్చును, హైదరాబాదులో రాసినదానిని హైడెల్‌బర్గ్‌లో నడిపి అదే ఫలితం వస్తుందో లేదో చూడవచ్చును. ఉచితం కనుక అక్కడివారు అందుకోసం ఏమీ కొననక్కరలేదు. ఇమేజ్-జెలోని సకల సదుపాయాలలో నా దృష్టికి అత్యంత విలువైనది ఇదే. చిత్రం, మాక్రో, సాఫ్ట్‌వేర్ మూడూ బహిరంగమైతే కొలత కూడా బహిరంగమవుతుంది.

అట్లా బహిరంగం కాని కొలతల వల్ల విజ్ఞానశాస్త్రానికి ఎంత నష్టం కలుగుతున్నదో గత ఇరువది సంవత్సరాలలో స్పష్టంగా తెలియవచ్చింది. కంప్యూటర్లో చిత్రాన్ని దిద్దడం తేలికైన తరువాత, ఒక ప్రయోగపు చిత్రాన్నే మరొక ప్రయోగానిదిగా చూపడం, అవసరం లేని చారను చెరిపివేయడం వంటి పనులు పెరిగాయి. కణజీవశాస్త్ర పత్రిక 'జర్నల్ ఆఫ్ సెల్ బయాలజీ'లో రాస్నర్, యమాడా అనే ఇద్దరు 2004లో ఈ ప్రలోభాన్ని గురించి రాసిన వ్యాసం నేటికీ చదవదగినది. 2016లో ఎలిజబెత్ బిక్ మరి ఇద్దరితో కలిసి 20,621 పరిశోధన పత్రాలలోని చిత్రాలను పరిశీలించి, వాటిలో 3.8 శాతం పత్రాలలో అనుమానాస్పదమైన పునరావృత్తి ఉన్నదని ప్రకటించారు. ఆమె ఆ పరిశీలన చేసినది యంత్రంతో కాదు, కంటితో. చూడడం వేరు, కొలవడం వేరు అన్నాను కాని చూపుకు విలువ లేదని కాదు.

చెడు తలంపు లేకపోయినా అజ్ఞానం వల్ల జరిగే నష్టాలు మరికొన్ని ఉన్నవి. విద్యార్థులు వీటిని ప్రత్యేకంగా గుర్తించాలి. ప్రోటీను చారలను ఫొటో తీసేటప్పుడు వెలుగు ఎక్కువైతే కొన్ని పిక్సెళ్ళు గరిష్ఠ విలువ 255ను తాకి అక్కడే ఆగిపోతాయి. వానలో పెట్టిన కుండ నిండి పొర్లిన తరువాత ఎంత వాన కురిసిందో ఆ కుండ చెప్పలేదు. రెండు చారలూ 255 చూపితే ఒకదానిలో ప్రోటీను రెండింతలున్నదో మూడింతలున్నదో ఏ సాఫ్ట్‌వేరూ చెప్పలేదు. తప్పు ఫొటో తీసిన క్షణంలోనే జరిగిపోయింది. రెండవది, వెలుగునీడలను సవరించే కిటికీ. అందులోని మీటలను జరిపినంతవరకు కంటికి కనిపించే తీరు మాత్రమే మారుతుంది, పిక్సెళ్ళ విలువలు భద్రంగా ఉంటాయి. 'అప్లై' అనే మీట నొక్కితే అసలు విలువలే మారిపోతాయి. ఒక్క మీట తేడా! మూడవది వాట్సాప్. ప్రయోగశాలలో తీసిన చిత్రాన్ని ఫోనులో మామూలు ఫొటోగా పంపుకొంటే అది దారిలో కుదించబడుతుంది. జేపెగ్ అనే ఆ రూపం చిత్రాన్ని ఎనిమిదేసి పిక్సెళ్ళ చదరాలుగా విడగొట్టి, కంటికి అంతగా తెలియని వివరాలను పారవేస్తుంది. కంటికి తెలియని వివరాలే మనకు కావలసినవని ముందే చెప్పుకొన్నాం. కొలవదలచిన చిత్రాన్ని మొదటి నుండి టిఫ్ రూపంలో ఉంచుకోవాలి.

ఇమేజ్-జె జీవశాస్త్రజ్ఞుల కోసం పుట్టినా అక్కడే నిలిచిపోలేదు. దాని మీదనే నిర్మించిన 'ఆస్ట్రోఇమేజ్-జె' ఖగోళ పరిశీలకులకు ఉపయోగపడుతున్నది. ఒక గ్రహం తన నక్షత్రం ముందు నుండి దాటిపోయేటప్పుడు ఆ నక్షత్రపు వెలుగు కొద్దిగా తగ్గుతుంది. సూర్యుని వంటి నక్షత్రం ముందు నుండి గురుగ్రహమంత గ్రహం దాటితే ఆ తగ్గుదల సుమారు నూటికి ఒక వంతు. రాత్రంతా వరుసగా తీసిన చిత్రాలలో ఆ ఒక్క వంతును పట్టుకోవడం దాని పని. కణాన్ని కొలిచే పనిముట్టు నక్షత్రాన్నీ కొలుస్తున్నది. రెండూ అంకెల పట్టికలే కదా.

చరిత్ర, పురావస్తు విద్యార్థులకు మరొక విశేషం చెప్పాలి. ఉపగ్రహ చిత్రాలలో దాదాపు ఒకే రంగులో కనిపించే భూములను వేరుపరచడానికి అమెరికాలోని జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ శాస్త్రజ్ఞులు, చిత్రంలోని రంగుల మధ్య తేడాలను సాగదీసి చూపే ఒక గణిత పద్ధతిని పెంపొందించారు. జాన్ హార్మన్ అనే గణితజ్ఞుడు దానిని ఇమేజ్-జెకు తగిలించే 'డి-స్ట్రెచ్' అనే ప్లగిన్‌గా మలచి రాతిగుహల చిత్రాలకు అన్వయించారు. వేల సంవత్సరాల ఎండవానలకు వెలిసిపోయి, ఉత్త బండగా కనిపించేచోట జింకలు, మనుషులు, చేతిముద్రలు తేలివస్తాయి. కడప జిల్లాలోని చింతకుంట, కర్నూలు ప్రాంతపు కేతవరం, భూపాలపల్లి జిల్లాలోని పాండవుల గుట్ట ఇటువంటి ఎర్రరంగు చిత్రాలకు ప్రసిద్ధమైన స్థలాలు. ఇటువంటి చోట ఎక్కి తీసిన ఒక మంచి ఫొటో ఉంటే, బండను తాకకుండా, దాని మీద నీళ్ళు చల్లకుండా, సుద్దతో గీతలు దిద్దకుండా ఈ పని చేయవచ్చును. మునుపు చిత్రం స్పష్టంగా కనిపించడానికి తడి చేయడం, సుద్దతో దిద్దడం వంటివి చాలాచోట్ల జరిగి అసలు చిత్రాలే పాడయ్యాయి. అయితే ఒక హెచ్చరిక. డి-స్ట్రెచ్ చూపే రంగులు అసలు రంగులు కావు. అందులో పచ్చగా కనిపించిన జింకను ఆదిమానవుడు పచ్చరంగుతో వేశాడని రాయరాదు. అది కంటికి చేసే సహాయమే కాని కొలత కాదు.

ఇటువంటి ఉచిత సాధనాలు ఇంకా ఉన్నవి. వేల కొద్ది కణచిత్రాలను ఒకే వరుసలో పరీక్షించడానికి 'సెల్ ప్రొఫైలర్', వ్యాధినిర్ణయ శాస్త్రంలోని పెద్ద పెద్ద స్లైడుల కోసం 'క్యూపాత్', పైథాన్ భాష తెలిసినవారికి 'నపారి' వాడుకలో ఉన్నవి. కృత్రిమ మేధతో కణాల అంచులను తానే గుర్తించే 'సెల్‌పోజ్', 'స్టార్‌డిస్ట్' వంటివి ఇటీవల ప్రచారంలోకి వచ్చాయి. ఒకదానినొకటి అంటుకొన్న కణాలను విడదీయడంలో అవి పాత పద్ధతులను మించిపోయాయి. ఐతే ఆ అంచు అక్కడే ఎందుకు గీశావు అని ఒట్సును అడిగితే సమాధానం ఒక సూత్రం రూపంలో దొరుకుతుంది. వీటిని అడిగితే, నేను నేర్చుకొన్న చిత్రాలలో అట్లా ఉన్నది అనే సమాధానమే ప్రధానంగా దొరుకుతుంది. ఏ చిత్రాలతో నేర్పారో తెలియకుండా వాటిని గుడ్డిగా నమ్మడం నాకు సమ్మతం కాదు.

మన విద్యార్థులు మొదలుపెట్టదలిస్తే ఫిజీని దించుకోవడం మేలు. దానికి కావలసిన జావా అందులోనే కలిసి వస్తుంది. ఒకసారి దించుకొన్న తరువాత రోజువారీ పనికి ఇంటర్నెట్ అవసరం లేదు. ప్రయోగశాలలోని ఒక కంప్యూటర్లో దించి పెన్ డ్రైవ్ ద్వారా మిగిలినవాటికి ఇవ్వవచ్చును. ఫైల్ మెనూలో 'ఓపెన్ శాంపుల్స్' అనే చోట 'బ్లాబ్స్' అనే చిన్న చిత్రం ఉన్నది. నేపథ్యం మీద గుండ్రని మచ్చలు తప్ప అందులో మరేమీ లేదు. ఇద్దరు విద్యార్థులు రెండు కంప్యూటర్ల ముందు కూర్చొని, మాక్రో రికార్డర్ తెరచి, వేర్వేరు త్రెషోల్డ్ పద్ధతులతో ఆ మచ్చలను లెక్కించి చూడండి. ఇద్దరికీ వచ్చిన సంఖ్యలు ఒకటి కాకపోతే, ఎవరు ఒప్పు అని వాదించుకొనే ముందు రెండు రికార్డర్లలోని పంక్తులను పక్కపక్కన పెట్టి చదవండి. తేడా ఏ పంక్తిలో ఉన్నదో అక్కడ కనిపిస్తుంది.